ఐపీ పెట్టినోళ్ల ప్రయాణం

రండి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, అది దించేలోపు ఈ మాట చెప్పేస్తాను. గట్టిగా చెప్పేది కాదు, చెవి ఇటు పెట్టండి. మా ఆయన బయట రొయ్యల గుంటల దగ్గర ఉన్నాడు. ఆయన వింటే కోప్పడతాడని కాదు. విని ఏమీ అనకుండా నవ్వి ఊరుకుంటాడు, ఆ నవ్వు చూస్తే నాకు మళ్లీ భయం మొదలవుతుంది, అందుకని.

మాది ఇందుకూరుపేట పక్క. గాలివాటంగా ఉన్నప్పుడు సముద్రం హోరు మా డాబా మీదికి వినిపిస్తుంది. మా మామగారి కాలంలో ఆ పొలమంతా వరి. చుట్టుపక్కల వాళ్లు రొయ్యల గుంటలు తవ్వేసరికి ఉప్పునీళ్లు ఊరి మా మళ్లలో పైరు ఎర్రబడిపోయింది. ఇక మేమూ తవ్వాం. తవ్వక తప్పలేదని మా ఆయన ఈనాటికీ అంటాడు. నిజమే అనుకుంటాను కొన్ని రోజులు. కొన్ని రోజులు అనుకోను.

మొదట్లో పంటలు బాగా వచ్చాయి. రొయ్యలు పట్టే రోజు ఐసు లారీలు మా వాకిట్లోకి వచ్చి నిలబడేవి. వలలు లాగేవాళ్లకు, తూకాల వాళ్లకు, డ్రైవర్లకు అన్నం వండలేక నా చేతులు పడిపోయేవి. ఆ రెండు మూడేళ్లలోనే పైన గదులు వేశాం, కారు కొన్నాం, పక్క పొలం కౌలుకు తీసుకుని అందులోనూ గుంటలు తవ్వాం. పెద్దపాపను నెల్లూరులో మంచి బడిలో వేశాం. చిన్నవాడు అప్పటికి నడక నేర్చుకుంటున్నాడు.

తర్వాత తెల్లమచ్చ తగిలింది. రొయ్య పెంకు మీద సున్నపు చుక్క పెట్టినట్టు మచ్చ వస్తుంది. పొద్దున గట్టు వారగా కొన్ని తేలుతాయి, సాయంత్రానికి గుంటంతా పోతుంది. అలాంటప్పుడు గుంటను ఎండగట్టి, మట్టిని ఎండకు పగలనిచ్చి, కొన్నాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఈ సంగతి మా పక్కన పసిబిడ్డకు కూడా తెలుసు. కానీ కూర్చున్నవాళ్లను నేను చూడలేదు. పోయిన పంటకు తెచ్చిన మేత అప్పు తీరాలంటే ఇంకో పంట రావాలి. ఇంకో పంట రావాలంటే మళ్లీ రొయ్యపిల్ల కొనాలి, మళ్లీ మేత అప్పు తేవాలి. అదే గుంట, అదే బురద, మళ్లీ పిల్ల. మా ఆయన కూడా అదే చేశాడు. మేత కొట్టులో ఇవ్వనంటే గుంటల ఇంజన్లకు డీజిలు పోసే ఆయన దగ్గర, ఆయన కాదంటే ఇడ్లీలు అమ్మే అక్క దగ్గర చేబదుళ్లు, నా గొలుసు, మా ఆయన మేనత్త గాజులు. మూడోసారి పంట చేతికొచ్చింది కానీ ధర పడిపోయింది. ఆ రొయ్యను అమ్మితే కరెంటు బిల్లుకు సరిపోలేదు.

చివరికి ఐపీ పెట్టాం.

తెలియనివాళ్లకు చెబుతాను. కోర్టుకు పోయి, నాకు ఉన్నది ఇంత, నేను ఇవ్వాల్సింది ఇంత, ఉన్నది మీరే తీసుకుని అందరికీ పంచండి, మిగతాది నా వల్ల కాదు అని చెప్పుకోవడం. చట్టంలో అది తప్పేమీ కాదని ప్లీడరు గారు చెప్పారు. మా ఊళ్లో మాత్రం అది తిట్టు. "వాడా, ఐపీ పెట్టినోడు" అంటే ఇక ఆ మనిషికి వేరే పేరు అక్కర్లేదు. అన్నిటికంటే కష్టం ఏమిటంటే, ఐపీ పెట్టినవాడు ఎక్కడో దాచే ఉంటాడని ఊరంతా నమ్ముతుంది. అందుకని మా ఇంటి మీద కళ్లు పడ్డాయి. ఇల్లు కోర్టు లెక్కలోకి పోయింది, వేలం అయ్యేదాకా మేము అందులోనే ఉన్నాం. పిల్లకు కొత్త చెప్పులు కొంటే చూస్తారు. నేను ఫోన్లో నవ్వితే చూస్తారు. ఒకరోజు చేపల ఆమె పాత చనువు కొద్దీ ఖరీదైన చందువ చేపను ఒకదాన్ని ఊరికే గంపలోంచి తీసి ఇచ్చింది. దాన్ని వాకిట్లో కడుగుతున్నానో లేదో, పక్కింటి ఆమె గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏమ్మే, చందువాలు తింటన్నారే!"

"ఆమె ఇచ్చిందక్కా, ఊరకే."

"ఊరకేనా! మాకెవురూ ఊరకే ఇయ్యరు తల్లా. మేము గూడా ఐపీ పెట్టాలేమో."

ఆ చేపను పిల్లలకు పెట్టాను కానీ నా గొంతు దిగలేదు. ఆ తర్వాత ఎప్పుడు కొన్నా చవకగా దొరికే నెత్తళ్లే కొన్నాను, అవి కూడా కొంగు కింద పెట్టుకుని తెచ్చాను.

ఇక అసలు మాటకు వస్తాను. ఐపీ పెట్టిన కొత్తల్లో మా ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. తిండి లేదు, గడ్డం గీసుకోవడం లేదు, స్నానం చెప్పి చేయించాలి. అలా ఉన్న మనిషి ఒకరోజు పొద్దున్నే లేచి గడ్డం గీసుకున్నాడు. పాప ఏదో అడిగితే "సరే" అన్నాడు. చిన్నవాడు ఏదో అడిగితే "సరే" అన్నాడు. నేను ఇడ్లీలోకి కారప్పొడి వేసుకోమంటే "సరే" అన్నాడు. ఇంట్లోవాళ్లం అందరం ఊపిరి పీల్చుకున్నాం, మనిషి తేరుకున్నాడని. మధ్యాహ్నం దేవుడి పటం ముందు చూస్తే ఆయన ఫోను, వాచీ, తాళాలు, చొక్కా జేబులోని చిల్లరతో సహా వరుసగా పెట్టి ఉన్నాయి.

నేను పొయ్యి ఆర్పానో లేదో గుర్తులేదు. ఎండలో గుంటల దాకా పరిగెత్తాను. ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి "నువ్వు పో, వస్తా" అన్నాడు. నేను పోలేదు. పక్కన కూర్చున్నాను. ఇంకోసారి "పో" అన్నాడు. నేను అన్నం తిన్నావా అని అడిగాను. చాలాసేపటికి ఆయన తలను మోకాళ్లలో పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏం చేయడానికి అక్కడికి పోయాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు. ఆ రోజు నుంచి ఆయనను నేను ఒంటరిగా వదల్లేదు. బాత్‌రూములో ఎక్కువసేపు ఉంటే ఏదో వంక పెట్టి తలుపు కొట్టేదాన్ని. ఊళ్లో "మొగుడి చొక్కా పట్టుకుని తిరుగుతుందే" అని నవ్వుకున్నారు.

ఆ రోజుల్లోనే ఒమన్ నుంచి ఫోన్ వచ్చింది. మా ఆయనతో పాటు రొయ్యల పని నేర్చుకున్న స్నేహితుడు అక్కడ ఒక పెద్ద రొయ్యల ఫారంలో ఉన్నాడు. గుంటలు చూసుకునే మనిషి కావాలి, జీతం మంచిదే, ఉండటానికి క్వార్టర్సు ఇస్తారు, కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు అన్నాడు. ఆ చివరి మాట విన్నప్పుడు నేను వంటింట్లోకి పోయి గోడకు ఆనుకుని నిలబడ్డాను. కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు. అంటే నేను ఆయన పక్కనే ఉండవచ్చు.

ప్లీడరు గారి దగ్గరికి పోయాం. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని చెప్పారు.

"ఐపీ నడుస్తా ఉండంగా కోర్టు పర్మిషన్ లేకుండా దేశం దాటేదానికి లేదు. అర్జీ పెడతాం. అప్పులిచ్చినోళ్లకు నోటీసు పోతాది. వాళ్లు గట్టిగా అడ్డం చెప్తే జడ్జిగారు ఒప్పుకోడు. అందాకా మీరు నోరు మూసుకోని ఉండండి. ఎవురితోనూ మాట్లాడబాకండి. నోటీసు పొయ్యేటప్పుడు పోతాది."

ఇద్దరం తలలూపి వచ్చాం. ఇంట్లో మాత్రం మా ఆయన మేనత్తకు చెప్పాం. ఆమె మాతోనే ఉండేది, ఆయనను పెంచింది ఆమే. మేము పోతే ఆమె వెంకటాచలంలో కూతురి ఇంటికి పోవడానికి ఒప్పుకుంది. ఆ ఇంట్లో పెద్ద టీవీ ఉంది కాబట్టి కొంచెం సంతోషంగానే ఒప్పుకుంది. చెప్పిన మర్నాడు పొద్దున ఆమె కనిపించలేదు. మధ్యాహ్నం ఎండన పడి, చెమటలు తుడుచుకుంటూ వచ్చింది.

"యాడికి పొయ్యొచ్చినావత్తా?" అన్నాను.

"ఊళ్లోకి పొయ్యొచ్చినా. అందరికీ చెప్పొచ్చినా."

"ఏం చెప్పొచ్చినావు?"

"ఇంకేం చెప్తారమ్మణ్ణీ? మావోళ్లు ఒమన్ పొయ్యొస్తారు, మీ అందరి దయ ఉండాల అని చెప్పినా. మేత కొట్టాయనకు చెప్పినా, డీజిలాయనకు చెప్పినా, ఇడ్లీలామెకు చెప్పినా. ఆమైతే కాఫీ గూడా ఇచ్చింది."

మా ఆయన మంచం మీద కూర్చుండిపోయాడు. "అత్తా! వాళ్లంతా మనం బాకీ ఉండేవోళ్లు గదా!"

"అందుకే గదరా ముందు వాళ్లకి చెప్పింది! బాకీ లేనోళ్లకు చెప్పకపోయినా ఏంగాదు. బాకీ ఉండేవోళ్లకు చెప్పకుండా ఊరు దాటితే ఏమనుకుంటారు?"

"ప్లీడరు ఎవురితో మాట్లాడొద్దన్నాడే!"

"నీతో అన్నాడు. నాతో అన్నాడా?"

ఏం చెప్పాలి ఆమెకు? మా పక్క పది రోజులు తిరుపతి పోయినా ఇంటింటికీ పోయి "పొయ్యొస్తాం" అని చెప్పడం ఉంది. చెప్పకుండా పోవడం అంటే అవతలి ఇంటిని మనుషులుగా లెక్కపెట్టనట్టు. ఆమె పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి అదే చేసింది. ఐపీ పెట్టినవాళ్లు ఆ మర్యాద నుంచి బయటపడిపోతారని ఆమెకు తోచలేదు. ఆ సాయంత్రం నేను అన్నం వండాను కానీ ఎవరూ సరిగా తినలేదు, ఆమె తప్ప.

మర్నాడు మధ్యాహ్నం దాటాక వాళ్లు వచ్చారు. మేత కొట్టు అన్న ముందు, ఆయన వెనుక డీజిలు ఆయన, ఇడ్లీల అక్క, ఇంకా ఇద్దరు ముగ్గురు. కుర్చీలు అప్పటికే అమ్మేశాం, అందరికీ చాపలు వేశాను. మేత కొట్టు అన్న భారీ మనిషి, చాప మీద కూర్చోవడం ఆయనకు కష్టం. గోడకు ఆనుకుని కాళ్లు చాపాడు.

"ఏమబ్బయా, ఇమానం ఎక్కతావంట. ఇంక మమ్మల్ని ఆకాశంలోంచే చూస్తావా?"

"కోర్టు ఒప్పుకుంటేనే అన్నా," అన్నాడు మా ఆయన నేల చూస్తూ.

ఇడ్లీల అక్క కొంగు బిగించింది. "ఐపీ పెట్టినోళ్లు నెల్లూరు బస్సెక్కేదానికే సిగ్గుపడతారు. నువ్వు ఇమానమే ఎక్కతన్నావు. నా బిడ్డ కాలేజీ ఫీజుకు పెట్టుకున్న డబ్బులు నాయనా అవి. పిండి రుబ్బి రుబ్బి నా చేతులు చూడు ఎట్టుండాయో."

ఆమె చేతులు చాపింది. మా ఆయన చూడలేదు, నేను చూశాను. లేచి వంటింట్లోకి పోయాను. టీ పెట్టి తెచ్చాను. డీజిలు ఆయన గ్లాసును ఎత్తి చూసి, "పాలు చిక్కంగానే ఉండాయే" అన్నాడు. అందరూ నవ్వారు. తర్వాత ఆయనే అసలు మాట తెచ్చాడు. అరిచే మనిషి కాదు, మెల్లగా మాట్లాడతాడు.

"ఒక పని చెయ్యి అబ్బయా. నువ్వు పో. పొయ్యి సంపాదించు, మాకూ మంచిదే. నీ భార్యా బిడ్డలు ఈడ్నే ఉంటారు. వాళ్లు ఈడుంటే నువ్వు తిరిగొస్తావని మాకు నమ్మకం. మేం కోర్టులో అడ్డం చెప్పం. అందరూ కట్టగట్టుకోని పోతామంటే మాత్రం చెప్తాం."

న్యాయమైన మాటే. మా ఊళ్ల నుంచి ఆ దేశాలకు పోయినవాళ్లలో నాకు తెలిసిన మగవాళ్లందరూ ఒంటరిగానే పోయారు. ఆడవాళ్లు ఇక్కడే ఉండి ఫోన్లో కాపురం చేశారు. అందరూ మా ఆయన వైపు చూశారు.

"సరేనన్నా," అన్నాడాయన. "నేనొక్కడినే పోతా."

తడుముకోకుండా అన్నాడు. తేలిగ్గా అన్నాడు. తలెత్తి, కొంచెం నవ్వి కూడా అన్నాడు. గడ్డం గీసుకున్న ఆ పొద్దున ఎలా అన్నాడో అలాగే అన్నాడు. ఈ మనిషిని విమానం ఎక్కించి పంపిస్తే, ఆ ఎడారిలో, ముక్కూ మొహం తెలియని గుంటల గట్టు మీద, వెనకాల పరిగెత్తి పోయేదెవరు?

నలుగురు మగవాళ్లు కూర్చుని బాకీల మాట మాట్లాడుతుంటే మా పక్క అప్పు పడ్డ ఇంటి ఆడవాళ్లు నోరెత్తరు. పైగా నేను చెప్పాల్సిన మాట నలుగురిలో చెప్పేదీ కాదు. చెబితే ఆయన మళ్లీ ఊళ్లో తలెత్తుకోలేడు. చెప్పకపోతే... చెప్పకపోతే ఏమవుతుందో అనుకోవడానికి కూడా నా మనసు పోలేదు. వాళ్లు లేవబోతున్నారు. డీజిలు ఆయన అప్పుడే చెప్పుల్లో కాలు పెట్టాడు.

"అన్నా," అన్నాను మేత కొట్టు అన్నతో. "ఒక్క మాట. లోపలికి రండి."

అందరూ నా వైపు తిరిగారు. డీజిలు ఆయన, "పో అన్నా, పో. లోపల దాచింది చూపిస్తాదేమో" అన్నాడు.

మేత కొట్టు అన్న గోడ పట్టుకుని లేచి వంటింట్లోకి వచ్చాడు. ఆయన ఒంటి నుంచి మేత సంచుల వాసన, ఎండు చేప పొడి వాసన. మాకు అప్పు ఇచ్చినవాళ్లలో అందరికంటే పెద్ద బాకీ ఆయనదే. ఆయన ముందు నేను అంతకు ముందు రెండు మాటలు కూడా మాట్లాడిన దాన్ని కాదు.

"ఏందమ్మా? బంగారం చూపించేదుంటే అందరి ముందరే చూపించు. నా ఒక్కడికే చూపిస్తే నాకు మాటొస్తది."

"బంగారం లేదన్నా. ఆయన్ని ఒక్కడినే పంపించబాకండి."

"ఎందుకు? మొగుణ్ణి వదిలిపెట్టి ఉండలేవా?"

చెప్పాను. దేవుడి పటం ముందు పెట్టిన వాచీ సంగతి, గట్టు సంగతి, "పో, వస్తా" అన్న మాట. ఏడవలేదు. ఏడిస్తే నాటకం అనుకుంటాడని కళ్లు గట్టిగా తెరుచుకుని చెప్పాను. చెప్పడం అయ్యాక చేతిలోని టీ గ్లాసులను తొట్టిలో పెట్టాను.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. తర్వాత నా వైపు చూడకుండానే అడిగాడు.

"ఎవురికి తెలుసు ఇది?"

"మీకే."

"మీ అత్తకి?"

"తెలీదు."

"ప్లీడరికి?"

"చెప్పలేదు. చెప్తే కోర్టులో పనికొస్తుందేమో అని..."

"చెప్పబాక. కాయితం మీదికి ఎక్కిందంటే ఇంక దిగదు. నీ బిడ్డలు పెద్దోళ్లయినా దిగదు." తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. "డాక్టరికి మాత్రం చెప్పు. మంచి డాక్టరికి." గడప దగ్గర ఆగాడు. "నాకు వాడి మీద ప్రేమేం లేదమ్మా. వాడు ఉంటే నా డబ్బు ఎప్పటికైనా వస్తదేమో. వాడు లేకపోతే రాదు. అంతే."

అంతేనో కాదో నాకు తెలియదు. ఈనాటికీ తెలియదు.

బయటికి పోతూనే ఆయన గొంతు పెంచాడు. వంటింట్లో గిన్నెలు అదిరాయి.

"ఏమయ్యా, మీకు మతులుండాయా? వీణ్ణి ఒక్కణ్ణే పంపిస్తారా? ఒంటరిగా పొయ్యినోళ్ల కతలు మీకు తెలీదా? జీతం చేతిలో పడితే సగం సీసాలకు, సగం పేకాటకు! మనకేం పంపిస్తాడు, బొచ్చె! పెళ్లాం బిడ్డలు నెత్తి మీద ఉంటేనే వీడు ఒళ్లు దగ్గర పెట్టుకోని పన్జేసేది. ఆ అమ్మి ఇప్పుడు లోపల అదే చెప్పింది, మా ఆయన సంగతి మీకు తెలీదు, నేను పక్కన లేకపోతే తాగి తందనాలాడతాడు అని."

మా ఆయన టీ కూడా పల్చగా తాగే మనిషి. ఆయన నోరు తెరిచి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. నలుగురిలో తాగుబోతు అనిపించుకున్నాడు, నా వల్ల. ఏదో అనబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. అప్పుడే ఆయనకు అర్థమైందనుకుంటాను, లోపల నేను ఏం చెప్పానో.

"ఓరినీ! తాగుతావంట్రా నువ్వు?" అంది మేనత్త ఆశ్చర్యంగా. ఆమెను ఎవరూ పట్టించుకోలేదు.

ఇడ్లీల అక్క ఊరుకోలేదు. "అందరూ పొయ్యినాక ఇంక వీళ్లు తిరిగొచ్చేదెందుకన్నా? ఇంత బతుకు బతికినావు, నీకు తెలీదా?"

"పారిపొయ్యేవోళ్లు కొంపకొంపకీ తిరిగి పొయ్యొస్తామని చెప్పి పోతారా అక్కా? ముసలామె నిన్న నీ ఇంట్లో కాఫీ గూడా తాగి పొయ్యిందంటనే."

"నేనిచ్చినా గాబట్టి తాగింది!"

"ఇచ్చినావు గదా మరి."

డీజిలు ఆయన నవ్వాడు. నెలనెలా జీతంలోంచి ఇంత ప్లీడరు గారి ద్వారా పంపాలని, ఒక నెల తప్పినా కోర్టుకు చెబుతామని మాట అనుకుని లేచారు. ఇడ్లీల అక్క అందరికంటే చివర లేచింది. వాకిట్లో నా ఎదురుగా నిలబడి, "వాళ్లు ఒప్పుకున్నారు. నేను మనసారా ఒప్పుకోలా. అది గుర్తుపెట్టుకో" అంది. గుర్తు పెట్టుకున్నాను.

వాళ్లు పోయాక మా ఆయన చాపలు చుట్టి మూల పెట్టాడు. నేను పక్కనే తిరుగుతున్నాను, గిన్నెలు తోముతూ ఒకసారి, బట్టలు తీస్తూ ఒకసారి తొంగి చూస్తూ. చివరికి ఆయనే అన్నాడు.

"చెప్పేశావా?"

"చెప్పాను."

"ఆయనకా! ఊళ్లో ఇంకెవరూ దొరకలేదా?" అన్నాడు. ఆ తర్వాత, "తాగుబోతు అన్నా పర్వాలేదులే" అన్నాడు.

కోర్టు రోజు నెల్లూరులో గాలి లేదు. వరండాలో నిలబడి నిలబడి చిన్నవాడు నా కాళ్లకు చుట్టుకుని నిద్రపోయాడు. మా పేరు పిలిచినప్పుడు మా ఆయన లోపలికి పోయాడు, నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అప్పులిచ్చినవాళ్ల తరఫున ఎవరైనా అడ్డం చెబుతారా అని జడ్జి గారు అడిగారు. మేత కొట్టు అన్న చేతులు కట్టుకుని పైకప్పు చూస్తున్నాడు. ఇడ్లీల అక్క వచ్చింది, వెనక బల్ల మీద కూర్చుంది. ఆమె లేస్తుందనే అనుకున్నాను. ఆమె సగం లేచింది, కొంగు సర్దుకుంది, మళ్లీ కూర్చుంది. జడ్జి గారు మా ఆయనను తెలుగులోనే అడిగారు, "పిలిచినప్పుడు వస్తారా?" అని. "వస్తానండీ" అన్నాడు. ఇన్ని షరతుల మీద అని ఏదో ఇంగ్లీషులో చెప్పి రాసుకున్నారు. అంతే. అంత భయానికి అంత చిన్న జవాబు.

బయలుదేరిన రోజు మధ్యాహ్నం మేనత్తను మాతోనే అద్దె కారులో ఎక్కించుకున్నాం. వెంకటాచలం దగ్గర హైవే పక్కన ఆమె కూతురు, అల్లుడు వచ్చి నిలబడి ఉన్నారు. ఆమె దిగి, కిటికీలోంచి తల లోపలికి పెట్టి, "ఆడ పోలేరమ్మ లేదంటనే, జ్వరమొస్తే ఎవురికి మొక్కుకుంటారే?" అంది. "ఫోన్ చేస్తాంలే, నువ్వే మొక్కుకో" అన్నాడు మా ఆయన. ఆమె ఏడుస్తూనే, "ఫోన్లో మొక్కులేందిరా" అని నవ్వింది.

మద్రాసు విమానాశ్రయంలో పాస్‌పోర్టులు చూసే గాజు గది ముందు వరుసలో నిలబడ్డాం. లోపల కూర్చున్న కుర్రాడు మా ఆయన పుస్తకాన్ని తిప్పి తిప్పి చూశాడు. కంప్యూటర్లో ఏదో కొట్టాడు. పక్క గదిలో ఉన్న పెద్దాయనను పిలిచాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చూస్తున్నారు. కోర్టు కాగితం ఉన్న ప్లాస్టిక్ కవరును నేను అంత గట్టిగా పట్టుకున్నానంటే, చెమటకు అది నా అరచేతికి అతుక్కుపోయింది. మా వెనక నిలబడినవాళ్లు విసుక్కుంటున్నారు. మా ఆయన వెనక్కి తిరిగి నన్ను చూసి, "ఏంగాదు" అన్నాడు. ఆ మాట నాకు చెప్పాడో ఆయనకే చెప్పుకున్నాడో. పెద్దాయన నా దగ్గరి కోర్టు కాగితం తీసుకుని చదివి, తలూపి, ముద్ర వేయమన్నాడు.

ఇప్పుడు మేము ఉండేచోట కూడా సముద్రమే. రంగు వేరు, వాసన అదే. చెట్టు లేదు, కొండలు ఎర్రగా కాల్చిన ఇటుకల్లాగా ఉంటాయి. గుంటలు మాత్రం మా గుంటలకు పది రెట్లు ఉంటాయి. ఆయన వాటి మధ్య పగలంతా తిరుగుతాడు. పిల్లలు బడికి పోతున్నారు, చిన్నవాడికి అప్పుడే నాకు తెలియని మాటలు వస్తున్నాయి. ఫారం ఆసుపత్రిలో మలయాళీ డాక్టరమ్మ ఉంది. ఆమె దగ్గరికి మా ఆయన తనంతట తానే పోయాడు, నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. మందులు ఇచ్చింది, మాట్లాడటానికి నెలనెలా రమ్మంది. పోతున్నాడు. కొన్ని రోజులు బాగుంటాడు. కొన్ని రోజులు ఆయన "సరే" అంటే చేతిలో ఉన్న పని వదిలేసి ఆయన మొహం చూస్తాను. చూసి, ఇది మామూలు సరేనే అని తేల్చుకున్నాక మళ్లీ పని పట్టుకుంటాను. ఈ అలవాటు నాకు పోతుందనుకోను.

బాకీ ఇంకా చాలా ఉంది. ఇడ్లీల అక్కకు చేరాల్సిందే ముందు పంపమని ప్లీడరు గారిని బతిమాలితే, కోర్టులో అలా ముందూ వెనకా ఉండదమ్మా, అందరికీ పంపకమే అన్నారు. ఆమె బిడ్డ ఆ సంవత్సరం కాలేజీలో చేరలేదని విన్నాను. అది కూడా నా మీద ఉంది.

మేత కొట్టు అన్న నెలకోసారి ఫోన్ చేస్తాడు. "నీ అప్పులాయన" అని మా ఆయన ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టి బయటికి పోతాడు. ఈ నెల డబ్బు పంపామా లేదా అని అడగడానికి చేస్తున్నాడని మా ఆయన అనుకుంటాడు. ఆ మాట కూడా అన్న అడుగుతాడు, చివర్లో, గట్టిగా, కసురుతూ. అంతకు ముందు గొంతు తగ్గించి ఒకటి అడుగుతాడు.

"వాడెట్టుండాడమ్మా?"

ఒక నెల "బాగుండాడన్నా" అంటాను. ఒక నెల "చూసుకుంటా ఉండానన్నా" అంటాను. పోయిన నెల అడిగినప్పుడు కిటికీలోంచి చూశాను. మా ఆయన వాకిట్లో చిన్నవాడి సైకిల్ చైను వేస్తున్నాడు, చేతులకు నల్లటి గ్రీజు, వాడు పక్కన నిలబడి ఏదో తప్పు పడుతున్నాడు.

"ఈడ్నే ఉండాడన్నా," అన్నాను. "నా కళ్లకు కనపడతా ఉండాడు."

"సరే," అన్నాడాయన. "ఫోన్ పెట్టు, బిల్లు ఎక్కతాది."

పప్పు ఉడికింది, దించుకుంటాను. ఇంతసేపు విన్నారు, మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో అందరూ ఒక్క పూటన్నా ఒకేసారి కూర్చుని తినాలి, అందరి కంచాలూ కలిపి కడిగే పని మీ ఇంటి ఆడవాళ్లకు, మగవాళ్లకు కూడా, ఏనాడూ తప్పకూడదు.